శుక్లం ఆగినట్టు అన్నీ ఆగవు

మా పెద్దమ్మది భీమిలి దగ్గర పల్లె. డెబ్భై దాటాయి. కళ్ళజోడు పెట్టుకుని ఇప్పటికీ పేపరు చదువుతుంది. సూదిలో దారం మూడోసారికైనా ఎక్కిస్తుంది. అలాంటి మనిషి రెండేళ్ళపాటు వంటింటి తలుపు రెక్కకి ఎడమ భుజం కొట్టుకుంటూ తిరిగింది. పక్కనే పెట్టిన నీళ్ళ చెంబుని కాలితో తన్నేసేది. పక్క నుంచి ఎవరైనా వస్తే ఉలిక్కిపడేది. వయసు మీద పడిందనుకున్నాం. నేను అడిగితే "ఏటవుద్ది బాబూ, శుక్లమే కదా. ముదరనీ, అప్పుడు చేయించుకుంటాను" అనేది.

అది శుక్లం కాదు, నీటికాసులు, అంటే గ్లకోమా. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి రెండు కళ్ళలోనూ చుట్టుపక్కల చూపు చాలావరకు పోయింది. ఎడమ కంట్లో అయితే నడుమ ఒక చిన్న గుండ్రం మాత్రమే మిగిలింది. ఆవిడ పేపరు చదువుతున్నది నడుమ మిగిలిన ఆ చూపుతోనే. అక్షరాలు బాగా కనిపిస్తున్నాయి కాబట్టి కళ్ళు బాగున్నాయని మేమూ అనుకున్నాం, ఆవిడా అనుకుంది. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది నిలబెట్టుకోవడమే ఇక చేయగలిగిందని డాక్టరుగారు చెప్పారు.

ఆ రోజు నుంచి 'ముదరనీ' అన్న మాట నన్ను వదల్లేదు. అది మా పెద్దమ్మ ఒక్కదాని మాట కాదు. ఉత్తరాంధ్రలో ఏ ఇంట్లో అడిగినా పెద్దవాళ్ళ నోట అదే వినిపిస్తుంది. కంటి జబ్బంటే శుక్లమని, శుక్లమంటే ఆగవచ్చని, ఎప్పుడు చేయించుకున్నా చూపు వస్తుందని ఒక నమ్మకం. శుక్లం విషయంలో అందులో కొంత నిజం ఉంది. మిగతా జబ్బుల్లో అదే నమ్మకం కళ్ళు పోగొడుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో కనీసం 220 కోట్ల మందికి దగ్గరిదో దూరానిదో చూపు సరిగా లేదు. అందులో కనీసం 100 కోట్ల మందిది ముందే ఆపగలిగిన సమస్య, లేదా ఇప్పటికీ వైద్యం అందని సమస్య. వైద్యం కనిపెట్టక కాదు, కనిపెట్టిన వైద్యం మనిషి దాకా రాక. ఈ మాట విశాఖలో కూర్చుని చదివితే మరీ బాధ కలుగుతుంది. వాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. హనుమంతవాక దగ్గర 2006 నుంచి ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. వేపగుంట వైపు శంకర్ ఫౌండేషన్ ఉంది. ప్రైవేటు ఆసుపత్రులు వీధికొకటి ఉన్నాయి. పక్క జిల్లాల నుంచి, ఒడిశా నుంచి జనం చూపు కోసం ఈ ఊరికే వస్తారు. అదే ఊరికి బస్సులో గంట దూరంలో ఉన్న మా పెద్దమ్మ రెండేళ్ళు ఆగింది.

ముదరాలన్న మాట ఎక్కడిది

కంటిపాప వెనక పారదర్శకంగా ఉండే కటకం ఒకటి ఉంటుంది. వయసుతో అందులోని ప్రొటీన్లు మారి మసకబారడమే శుక్లం. ఒకప్పుడు కన్ను పెద్దగా కోసి ఆ కటకాన్ని బయటికి తీసి కుట్లు వేసేవాళ్ళు. పచ్చిగా ఉన్న శుక్లం పూర్తిగా రాదు, ముక్కలు లోపల మిగిలి కన్ను వాచేది. బాగా ముదిరింది తేలిగ్గా వచ్చేది. పైగా తీసిన కటకం స్థానంలో పెట్టడానికి ఏమీ ఉండేది కాదు. ఆపరేషన్ తర్వాత సోడాబుడ్డి అద్దాలే గతి. ఆ అద్దాల్లోంచి గుమ్మాలు వంగినట్టు, మెట్లు దగ్గరికి వచ్చినట్టు కనిపించేవి. అంత తిప్పలు పడాలంటే చూపు దాదాపు పోయాకే పడాలి. కాబట్టి 'ముదరనీ' అని అప్పటి డాక్టర్లు చెప్పింది తప్పు కాదు. మన తాతలు ఆ మాట వాళ్ళ నుంచే నేర్చుకున్నారు.

తర్వాత వైద్యం మారింది. 1949లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు లండన్‌లో మొదటిసారి కంటి లోపల కృత్రిమ లెన్సు పెట్టారు. యుద్ధవిమానాల పైకప్పు పగిలి పైలట్ల కళ్ళలో గుచ్చుకున్న ప్లాస్టిక్ ముక్కల్ని కన్ను భరించడం చూసి ఆయనకి ఆ ఆలోచన వచ్చింది. మన దగ్గర ఆ లెన్సు చాలాకాలం దిగుమతి సరుకే, పేదవాడికి అందేది కాదు. మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో 11 మంచాలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ళు 1992లో ఆరోల్యాబ్ పెట్టి లెన్సుని ఇక్కడే తయారు చేయడం మొదలుపెట్టారు. ధర ఒక్కసారిగా దిగింది. ఇప్పుడు శబ్దతరంగాలతో కటకాన్ని లోపలే ముక్కలు చేసి పీల్చేసే ఫేకో పద్ధతిలో మూడు మిల్లీమీటర్ల లోపు గాటు చాలు. చిన్న గాటుతో కుట్లు లేకుండా చేసే ఇంకో పద్ధతి కూడా ఉంది, ఉచిత శిబిరాల నుంచి వచ్చినవాళ్ళకి ఎక్కువగా చేసేది అదే. ఏదైనా అరగంట లోపు పని.

ఈ కొత్త పద్ధతుల్లో పాత మాట తలకిందులైంది. శుక్లం ముదిరేకొద్దీ గట్టిపడుతుంది. గట్టిపడితే ఆపరేషన్ కష్టమవుతుంది, తేలిక కాదు. మరీ ముదిరి తెల్లగా అయిపోయాక ఒక్కోసారి లోపలి ద్రవం కారి, లేదా కటకం ఉబ్బి కంటిలో ఒత్తిడి పెరిగిపోతుంది. కన్ను ఎర్రబడి భరించలేని నొప్పి, తలపోటు, వాంతులు. అప్పుడు వచ్చిన మనిషికి ఆపరేషన్ చేసినా లోపలి నరం దెబ్బతిని ఉంటే చూపు రాకపోవచ్చు. అంటే శుక్లం కూడా ఎల్లకాలం ఆగదు. రోజువారీ పనికి చూపు అడ్డం పడుతున్నప్పుడు చేయించుకోవాలి. వంట చేసేటప్పుడు బియ్యంలో రాయి కనపడకపోతే, ఎదురుగా వచ్చే బండి లైటు చెదిరి కళ్ళలో గుచ్చుకుంటుంటే, అదే సమయం.

'ఎండాకాలంలో వద్దు, చలికాలంలో చేయించుకుందాం' అన్నదీ పాత కుట్ల కాలం నాటి భయమే. ఈ భయం వల్ల ఎవరు నష్టపోతున్నారో తర్వాత చెబుతాను.

ఒక్కో జబ్బుకి ఒక్కో గడువు

కంటి జబ్బుల్ని పేర్లతో గుర్తుపెట్టుకోవడం కష్టం. ఎంతసేపు ఆగవచ్చు అన్న లెక్కతో పెట్టుకుంటే తేలిక. నాకు ఇది మా పెద్దమ్మ విషయం తర్వాతే అర్థమైంది.

కొన్ని జబ్బులు రోజుల్లో, కొన్నిసార్లు గంటల్లో తేల్చేస్తాయి. కోతల్లో వరి ఆకో పొట్టో కంటికి తగిలి నల్లగుడ్డు మీద చిన్న గీత పడుతుంది. గాజువాక ఆటోనగర్‌లో గ్రైండింగ్ చేసే కుర్రాడి కంట్లో ఇనప రజను పడుతుంది. ముందు నలుసే అనుకుంటారు. పల్లెలో అయితే చనుబాలు పిండుతారు, ఆముదం వేస్తారు, ఏదో ఆకు పసరు పోస్తారు. నాలుకతో నలుసు తీసేవాళ్ళు ఉంటే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్తారు. పట్నంలో అయితే మెడికల్ షాపుకి వెళ్ళి 'కన్ను ఎర్రబడింది, చుక్కలు ఇవ్వండి' అంటారు. ఆ ఇచ్చే చుక్కల్లో తరచూ స్టెరాయిడ్ ఉంటుంది. వేశాక ఎరుపు తగ్గుతుంది, హాయిగా ఉంటుంది. కానీ పచ్చి మొక్కల నుంచి తగిలిన గాయంలో ఫంగస్ చేరి ఉంటే ఆ స్టెరాయిడ్ దానికి ఎరువు వేసినట్టే. కన్ను పోరాడే శక్తిని తగ్గించి ఫంగస్‌కి దారి ఇస్తుంది. వారం తిరిగేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి పుండు. అది మానినా మచ్చ మిగులుతుంది. మనవాళ్ళు 'పువ్వు వేసింది' అనేది దాన్నే.

దేశంలో 2015 నుంచి 2019 వరకు జరిగిన జాతీయ సర్వేలో 50 ఏళ్ళ లోపువాళ్ళ అంధత్వానికి మొదటి కారణం ఈ నల్లగుడ్డు మచ్చలేనని తేలింది. ట్రకోమా అనే అంటు కంటి జబ్బు కాకుండా మిగతా కారణాలతో వచ్చిన మచ్చలే 37.5 శాతం. పని చేసే వయసు వాళ్ళు, పిల్లలు. ఆపడానికి కావలసిందల్లా గ్రైండింగ్ దగ్గర ఒక కళ్ళద్దం, కంటికి దెబ్బ తగిలిన రోజే కంటి డాక్టరు, షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలు వేయకపోవడం.

ఆ స్టెరాయిడ్ చుక్కల గురించి ఇంకో మాట. విశాఖ ఉక్కకీ దుమ్ముకీ పిల్లలకి కళ్ళ దురద ఎక్కువ. ఒకసారి డాక్టరు రాసిన చుక్కలు బాగా పనిచేశాయని చీటీ దాచుకుని ఏడాది పొడవునా అవే కొని వేసే తల్లులున్నారు. నెలల తరబడి వాడితే అవే కంట్లో ఒత్తిడి పెంచుతాయి, శుక్లం తెస్తాయి. పదేళ్ళ పిల్లవాడికి నీటికాసులు వచ్చేది ఇలాంటి దారుల్లోనే. చీటీ మీద 'వారం' అని ఉంటే వారమే.

పిల్లల కళ్ళకి ఇంకో రకం గడువు. పుట్టిన దగ్గర్నుంచి ఏడెనిమిదేళ్ళ దాకా కన్నూ మెదడూ కలిసి చూడటం నేర్చుకుంటాయి. ఒక కన్నులో పవర్ ఎక్కువగా ఉన్నా, మెల్ల ఉన్నా, పుట్టుకతో శుక్లం ఉన్నా మెదడు ఆ కంటిని పక్కన పెట్టేసి రెండోదానితో సరిపెట్టుకుంటుంది. అప్పుడు పట్టుకుంటే అద్దాలతో, మంచి కంటికి పట్టీ కట్టి బలహీనమైన దానికి పని చెప్పడంతో సరిచేయవచ్చు. పెద్దయ్యాక ఎంత మంచి అద్దం పెట్టినా ఆ కంటికి పూర్తి చూపు రావడం చాలా కష్టం. 'మెల్లకన్ను అదృష్టం' అని వదిలేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, దయచేసి వదలకండి. నెలలు నిండకుండా పుట్టి ఇంక్యుబేటర్‌లో ఉన్న పసికందుకి రెటీనా (కంటి లోపల వెనక ఉండే, బొమ్మ పడే పొర) పరీక్ష పుట్టిన 30 రోజుల్లోపు జరిగిపోవాలి. ఆ గడువు దాటితే మాత్రం ఎవరూ ఏమీ చేయలేకపోవచ్చు. ఫోన్‌లో ఫ్లాష్ వేసి తీసిన ఫోటోల్లో బిడ్డ ఒక కన్ను ఎర్రగా, ఇంకోటి పదేపదే తెల్లగా మెరుస్తుంటే ఆ వారమే చూపించాలి. అది శుక్లం కావచ్చు, కంటి క్యాన్సరూ కావచ్చు. అమ్మలే ముందు కనిపెట్టే జబ్బు ఇది.

ఇక అసలు మోసగాళ్ళు నీటికాసులు, షుగర్ వల్ల వచ్చే రెటీనా జబ్బు. రెంటికీ నొప్పి ఉండదు. మొదట్లో చూపూ తగ్గదు. కంటి నుంచి మెదడుకి వెళ్ళే నరం కొంచెం కొంచెంగా చనిపోవడం నీటికాసులు. సాధారణంగా కంటి ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల (పాదరసం లెక్కలో) మధ్య ఉంటుంది, అది పెరగడం పెద్ద కారణం. అయితే ఒత్తిడి మామూలుగా ఉన్నా నరం దెబ్బతినేవాళ్ళు ఉన్నారు. అందుకే ఒత్తిడి కొలవడంతో ఆగకుండా నరాన్ని కూడా చూడాలి. దక్షిణాదిలో జరిగిన సర్వేల్లో ఈ జబ్బు ఉన్న పదిమందిలో తొమ్మిదిమందికి అది ఉన్నట్టే తెలియదని బయటపడింది. మా పెద్దమ్మ ఆ తొమ్మిదిమందిలో ఒకతె.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. జగదాంబ సెంటర్ నుంచి గాజువాక దాకా కళ్ళద్దాల షాపుల ముందు 'కంప్యూటర్ కంటి పరీక్ష' అని బోర్డులుంటాయి. పెద్దమ్మకి రెండుసార్లు అద్దాలు మార్చింది అలాంటి ఒక షాపులోనే. ఆ యంత్రం చెప్పేది మీ కంటి పవర్ ఎంత అని. అంతే. అది ఒత్తిడి కొలవదు, నరం చూడదు, రెటీనా చూడదు. పవర్ సరిపోయిందంటే కన్ను బాగుందని కాదు. నలభై దాటినవాళ్ళు అద్దాల కోసం వెళ్ళినప్పుడు కంటి డాక్టరు దగ్గరికే వెళ్ళి, ఒత్తిడి కూడా చూడమని అడగడం ఒక్కటి అలవాటైతే ఎంతమంది చూపు నిలబడుతుందో.

షుగర్ సంగతి చూడండి. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం లెక్కన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు పది కోట్ల పైనే. షుగర్ రెటీనాలోని సన్నటి రక్తనాళాల్ని పాడుచేస్తుంది. అవి ఊరతాయి, మూసుకుపోతాయి, వాటి బదులు పెళుసైన కొత్త నాళాలు పుడతాయి, అవి చిట్లి కంట్లో రక్తం నిండుతుంది. చిట్లిన రోజుదాకా మనిషికి బాగానే కనిపిస్తుంది. ఆ లోపు లేజర్ గానీ ఇంజెక్షన్ గానీ పడితే తీవ్రమైన నష్టాన్ని చాలావరకు ఆపవచ్చు. కాబట్టి షుగర్ ఉందని తెలిసిన ఏడాదే, ఆ తర్వాత ఏటా ఒకసారి, కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. ఆ చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు దగ్గర చూపు మసకే. ఆటో నడిపేవాడికి ఆ రోజు బేరం పోయినట్టే. చాలామంది తప్పించుకునేది అక్కడే. చుక్కలు అక్కర్లేకుండా ఫోటో తీసే కెమెరాలు వచ్చాయి. అవి షుగర్ మందులు తీసుకునే చోటే ఉంటే సగం గొడవ తీరుతుంది. మనిషిని కంటి ఆసుపత్రికి రప్పించడం కన్నా కెమెరాని షుగర్ డాక్టరు గది పక్కన పెట్టడం తేలిక కదా.

వ్యవస్థ కూడా శుక్లాన్నే నేర్చుకుంది

'ముదరనీ' అన్న ఆలోచన జనంలోనే ఉందనుకుంటే పొరపాటు. కంటి ఆరోగ్యం కోసం దేశంలో నడిచిన పథకాల లెక్క కూడా చాలాకాలం శుక్లం చుట్టూనే తిరిగింది. దానికి కారణం ఉంది. 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలయ్యేనాటికి గుడ్డితనమంటే ప్రధానంగా శుక్లమే. 1994 నుంచి 2002 వరకు ప్రపంచ బ్యాంకు సాయంతో ఏడు రాష్ట్రాల్లో శుక్లం ప్రాజెక్టు నడిచింది, అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోటిన్నర ఆపరేషన్లు జరిగాయి. బడి గదుల్లో టెంట్లలో ఆపరేషన్లు చేసే రోజులు పోయి, శిబిరంలో గుర్తించి ఆసుపత్రికి తీసుకొచ్చి లెన్సు వేసి పంపే పద్ధతి అప్పుడే గట్టిపడింది. అది చిన్న విజయం కాదు. ఆ పని చేసినవాళ్ళందరికీ దండం పెట్టాలి.

ఆ పని ఇంకా పూర్తవలేదు కూడా. నేను పైన చెప్పిన జాతీయ సర్వేలో 50 దాటినవాళ్ళలో 1.99 శాతం మంది అంధులు, వాళ్ళలో 66.2 శాతం మందిది శుక్లమే. అంటే ఆపరేషన్‌తో చూపు వచ్చేవాళ్ళే మూడింట రెండు వంతులు. అయితే అదే పట్టికలో ఇంకో అంకె ఉంది. 7.2 శాతం మంది శుక్లం ఆపరేషన్‌లో వచ్చిన సమస్యల వల్ల అంధులయ్యారు. నీటికాసుల వల్ల అయినవాళ్ళకంటే ఇది ఎక్కువ. ఆపరేషన్ అయిపోయిందని లెక్క రాసుకుంటే సరిపోదని, ఆ మనిషికి నెల తర్వాత ఎంత కనిపిస్తోందో కూడా రాసుకోవాలని ఈ అంకె చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సభ 2021లో పెట్టుకున్న లక్ష్యం కూడా ఇలాగే మారింది. ఎన్ని ఆపరేషన్లు చేశారన్నది కాదు, ఆపరేషన్ అవసరమైనవాళ్ళలో ఎంతమంది చేయించుకుని మంచి చూపు పొందారన్నది 2030 నాటికి 30 శాతం పాయింట్లు పెరగాలి అన్నారు.

శిబిరం శుక్లానికి సరిపోతుంది. ఒకసారి చూసి, ఒకసారి చేసి, పంపేస్తే చాలావరకు పని అయిపోతుంది. నీటికాసులకి అది చాలదు. ఆ మనిషిని మూడు నెలలకోసారి, ఆరు నెలలకోసారి, బతికినంత కాలం చూడాలి. ఏడాదికోసారి వచ్చిపోయే శిబిరం ఆ పని చేయలేదు. ఎప్పుడూ అక్కడే ఉండే ఒక గది కావాలి.

ఆ గది ఎలా ఉండాలో చూపించినవాళ్ళు మన తెలుగువాళ్ళే. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఎల్వీ ప్రసాద్ సంస్థ తన సేవల్ని ఒక పిరమిడ్‌లా పేర్చింది. అడుగున ఊళ్ళలో విజన్ సెంటర్లు, దాదాపు 50 వేల జనాభాకి ఒకటి. వాటిపైన ఐదు లక్షల మందికి ఆపరేషన్లు చేసే చిన్న ఆసుపత్రి. ఆపైన అర కోటి మందికి పెద్ద ఆసుపత్రి, విశాఖలో ఉన్నది ఆ స్థాయిదే. విజన్ సెంటర్‌లో కూర్చునేది డాక్టరు కాదు, ఆ చుట్టుపక్కల ఊరి అమ్మాయో అబ్బాయో, ఏడాది శిక్షణ తీసుకుని. పవర్ చూస్తారు, అద్దాలు ఇస్తారు, ఒత్తిడి కొలుస్తారు, తేడా కనిపిస్తే పైకి పంపుతారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది పని అక్కడే తీరిపోతుంది. నా దృష్టిలో గొప్ప విషయం అక్కడి యంత్రం కాదు. ఆ కూర్చున్న పిల్ల వచ్చిన ముసలావిడని 'అమ్మమ్మా' అని పిలుస్తుంది, వచ్చే నెల ఆవిడ రాకపోతే ఎందుకు రాలేదో కనుక్కోగలుగుతుంది.

ప్రభుత్వాలు కూడా ఊరూరా తిరిగాయి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న మొదలుపెట్టి ముందు బడిపిల్లలకి, తర్వాత అవ్వాతాతలకి అన్నారు. అవ్వాతాతల విడత మొదలైన నెలకే కోవిడ్ వచ్చిపడింది. అద్దాలు పంచడం వరకు అలాంటి కార్యక్రమాలు చాలా మంచి పని చేస్తాయి. కానీ ఆ రోజు ఒత్తిడి ఎక్కువ ఉందని తేలిన మనిషిని ఆరు నెలల తర్వాత ఎవరు చూస్తారన్న ప్రశ్నకి జవాబు పథకంలో కాదు, మండలంలో ఉండాలి.

తోడు ఎవరొస్తారు

ఉచిత ఆపరేషన్ అంటాం గానీ చేయించుకునేవాళ్ళకి అది పూర్తిగా ఉచితం కాదు. ఏజెన్సీలో చింతపల్లి అవతలి ఊరి నుంచి ఒక ముసలాయన విశాఖ రావాలనుకోండి. ఊరి నుంచి రోడ్డు దాకా నడక, ఆటో, ఘాట్ దిగే బస్సు. చూపు ఆనని మనిషి ఒంటరిగా రాలేడు, తోడు కావాలి. తోడు వచ్చేవాళ్ళకి కూలి పోతుంది. ఇద్దరి తిండి, పడక. ఆపరేషన్ తర్వాత మళ్ళీ చూపించుకోవడానికి ఇదంతా మరోసారి. కువి అనే ఆదివాసీ భాష మాత్రమే, లేదా ఆదివాసీ ఒరియా మాత్రమే వచ్చిన మనిషికి చుక్కలు రోజుకి ఎన్నిసార్లు వేయాలో తెలుగులో గబగబా చెప్పి పంపిస్తే అది చెప్పినట్టే కాదు. ఈ లెక్కంతా వేసుకున్నాకే ఆయన 'ముదరనీ' అంటాడు. అది మూఢనమ్మకం కాదు, ఖర్చు లెక్క. ఆ లెక్క మార్చకుండా అవగాహన సదస్సులు ఎన్ని పెట్టినా లాభం లేదు. ఆసుపత్రి బస్సు మండల కేంద్రం దాకా వెళ్ళి తీసుకొచ్చి మళ్ళీ దింపడం, తర్వాతి పరీక్ష ఏజెన్సీలోని పాడేరులోనే అయ్యేలా చూడటం, అదీ మార్పంటే.

ఆడవాళ్ళ విషయంలో ఈ లెక్క ఇంకా కఠినం. ప్రపంచంలో చూపు కోల్పోయినవాళ్ళలో 55 శాతం ఆడవాళ్ళే. ఎక్కువ కాలం బతకడం ఒక కారణం. ఇంట్లో వాళ్ళ వంతు చివర రావడం ఇంకో కారణం. మావగారి కళ్ళకి అందరూ కదులుతారు. అత్తగారు వంటింట్లో చేత్తో తడుముకుని పని చేసుకుంటున్నంతకాలం ఆవిడకి కనిపిస్తున్నట్టే లెక్క.

ఫిషింగ్ హార్బర్ దగ్గర లెక్క వేరు. మరపడవ మీద వేటకి వెళ్ళినవాళ్ళు రోజుల తరబడి సముద్రంలోనే. ఎండ, ఉప్పుగాలి, నీటి మీద మెరుపు. చాలామందికి తెల్లగుడ్డు మీది పొర కండలా పెరిగి నల్లగుడ్డు మీదికి పాకుతుంది. ఆపరేషన్ చేయించుకుంటే చుక్కలు వేసుకుంటూ ఒడ్డున కూర్చోవాలి, కూర్చుంటే ఇల్లు గడవదు. వాళ్ళు ఇంటి దగ్గర ఉండేది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, వేట నిషేధం ఉన్న 61 రోజులు. సరిగ్గా అప్పుడే ఎండాకాలం ఆపరేషన్ వద్దన్న పాత భయం అడ్డొస్తుంది. ఇవాళ్టి కంటి ఆపరేషన్లకి ఎండాకాలం అడ్డు కాదు, చుక్కలు శుభ్రంగా వేసుకుని దుమ్ముకి నల్లద్దాలు పెట్టుకుంటే చాలు. కంటి శిబిరాలు జాలరిపేటల్లో పెట్టాల్సింది ఆ రెండు నెలల్లో.

ఇవన్నీ పెద్ద మాటలు. అన్నిటికన్నా చవకైనది, అన్నిటికన్నా ఎక్కువ మందికి పనికొచ్చేది మామూలు కళ్ళజోడు. నలభై దాటగానే వచ్చే చత్వారానికి దగ్గర చూపు అద్దాలు చాలు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకి ఈ అద్దాలు ఇచ్చి చూస్తే ఆకు కోత దాదాపు 22 శాతం పెరిగింది, 2018లో ఆ అధ్యయనం అచ్చయింది. అరకులో కాఫీ పండు ఏరేవాళ్ళకి, పూర్ణా మార్కెట్ దగ్గర పూలు గుచ్చేవాళ్ళకి, వల అల్లేవాళ్ళకి ఆ లెక్క వర్తించదని నేననుకోను.

పెద్దమ్మకి ఇప్పుడు రోజూ రాత్రి రెండు కళ్ళలో చుక్కలు. మొదట్లో సగం చుక్కలు బుగ్గ మీదే పడేవి. సీసా ఫ్రిజ్‌లో పెట్టుకుంటే చల్లగా తగిలి చుక్క పడిందో లేదో తెలుస్తుందని ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. ఇప్పుడు వెల్లకిలా పడుకుని, కింది రెప్ప లాగి, ఒక్క చుక్క వేసుకుని, కళ్ళు మూసి ముక్కు పక్క మూల వేలితో రెండు నిమిషాలు నొక్కి పెడుతుంది. మందు గొంతులోకి జారిపోకుండా కంట్లోనే ఉండటానికి అలా నొక్కాలి. కళ్ళు బాగుపడవని తెలిసి కూడా రోజూ మందు వేసుకోవడం ఎంత కష్టమో ఆవిడని చూస్తే తెలుస్తుంది. "ఏసినా అలాగే ఉంది, ఎయ్యకపోయినా అలాగే ఉంది" అంటుంది. అలాగే ఉండటమే ఆ మందు చేసే పని అని ప్రతిసారీ చెబుతాను.

నీటికాసులు ఇంట్లో ఒకరికి ఉంటే తోడబుట్టినవాళ్ళకీ పిల్లలకీ వచ్చే అవకాశం చాలా రెట్లు ఎక్కువ. డాక్టరుగారు అందరినీ పరీక్షకి తీసుకురమ్మన్నారు. మా అమ్మ చూపించుకుంది, ఫరవాలేదు, ఏటా రమ్మన్నారు. నేనూ చూపించుకున్నాను. పెద్దమ్మ కొడుక్కి ఒత్తిడి 26 ఉంది. నలభై ఆరేళ్ళు, ఒక్క అక్షరం కూడా మసకగా లేదు. అతనికి ఆ రోజే చుక్కలు మొదలుపెట్టారు. చిన్న మావయ్య ఇంకా రాలేదు. "నాకు శుభ్రంగా కనపడుతుంటే ఆసుపత్రెందుకురా" అంటున్నాడు. సోమవారం సెలవు పెట్టాను. పొద్దున్నే భీమిలి వెళ్ళి తీసుకొస్తున్నాను.